అత్తయ్య గుండె మీద ఫోను

పోయిన కార్తీక మాసంలో మా అత్తయ్యకు గుంటూరులో పేస్‌మేకర్ పెట్టారు. ఇంటికి పంపించే రోజున డాక్టరుగారు మందుల చీటీ చేతికిస్తూ ఆఖర్న ఒక మాటన్నారు. "అమ్మా, సెల్‌ఫోను ఆ మిషను ఉన్న వైపు పెట్టుకోవద్దు. కనీసం పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మాట్లాడితే రెండో వైపు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి." నేను అన్నిటికీ తలూపినట్టే దానికీ తలూపాను. ఏ మాత్ర తిండికి ముందు, ఏది తిన్నాక అనే లెక్కలోనే ఉంది నా బుర్ర.

నరసరావుపేట వచ్చి, మంచం మీద దిండు సర్ది, అత్తయ్యను కూర్చోబెట్టి చూద్దును గదా, ఫోను ఆవిడ మెళ్ళో సంచీలో వేలాడుతోంది. సరిగ్గా ఎడమ వైపు, కుట్లు వేసిన చోటికి బెత్తెడు కిందుగా. ఆ సంచీ కుట్టింది నేనే. ఫోను ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఇల్లంతా వెతికిస్తోందని, మిగిలిన జాకెట్టు గుడ్డతో ముచ్చటగా కుట్టి, తాడు కట్టి మెళ్ళో వేశాను.

గబగబా తీసేశాను. అత్తయ్య నా మొహంలోకి చూసి, "ఎదురింటి మేడ మీద టవరు పెడితే మనందరికీ రోగాలొస్తాయని వీధంతా తిరిగి సంతకాలు పెట్టించావు గదా అమ్మాయ్. మరి నా గుండె మీద ఈ టవరెందుకు కట్టావు?" అంది.

వేళాకోళానికే అంది. కానీ ఆ మాట నాకు గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే 2017 ఎండాకాలంలోకి వెళ్ళాలి.

మా ఎదురింటి వదినకు భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. చేతిలో ఉన్నదల్లా ఆ డాబా ఇల్లు, కింద వాటా అద్దె. అలాంటప్పుడు ఒక టవరు కంపెనీ వాళ్ళు వచ్చి మేడ మీద టవరుకు చోటిస్తే నెలకు పన్నెండు వేలు ఇస్తామన్నారు. వదిన సంతోషంగా వచ్చి మా వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది. "పెద్దదాన్ని ఇంజనీరింగులో వెయ్యొచ్చు వదినా" అంది. నేను కాఫీ ఇచ్చి, "మంచిదే గదా" అన్నాను. అన్నది నేనే.

వారం తిరక్కుండా మా వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. టవరు వస్తే పిచ్చుకలు చస్తాయి, పిల్లలకు బుర్రలో గడ్డలు లేస్తాయి, కడుపుతో ఉన్నవాళ్ళకు ప్రమాదం అని. సరిగ్గా ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త వచ్చింది. గ్వాలియర్‌లో ఇంటి పని చేసుకుని బతికే ఒకాయన, తనకు కేన్సర్ రావడానికి పక్కనున్న టవరే కారణమని సుప్రీం కోర్టుకు వెళ్తే, కోర్టు ఆ టవరును ఆపమని చెప్పింది. ఆ కాగితం ముక్క మా వీధిలో చేతులు మారి మారి నలిగిపోయింది. మావాడు అప్పుడు మూడో తరగతి. వాడు పడుకునే గదికి కిటికీ ఎదురింటి వైపే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వీధిలో నా చేతిరాత బాగుంటుందని పేరు. అర్జీ రాయమన్నారు, రాశాను. "మా పసిబిడ్డల ప్రాణాలు" అని మొదలుపెట్టి రెండు పేజీలు. ఇంటింటికీ తిరిగి నలభై ఒక్క సంతకాలు తెచ్చాం. జిరాక్సులకూ ఆటోకూ అందరం తలా యాభై వేసుకున్నాం. ఎదురింటి గుమ్మం ఒక్కటీ తొక్కలేదు. గొడవ అవుతోందని తెలిసి కంపెనీ వాళ్ళు వెనక్కి పోయారు. టవరు ఇంకెక్కడో పెట్టుకున్నారు.

వదిన నాతో పోట్లాడలేదు. మాట్లాడటం మానేసింది, అంతే. పెద్దమ్మాయి ఇంజనీరింగు మానుకుని ఇక్కడే డిగ్రీలో చేరింది. వదిన మిషను కుట్టడం మొదలుపెట్టింది. వీధిలో అందరూ జాకెట్లు అక్కడే ఇచ్చేవాళ్ళు, నేను తప్ప. ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు.

అదీ సంగతి. అందుకే అత్తయ్య మాట ఊరికే పోలేదు.

ఆ రాత్రి అత్తయ్య పడుకున్నాక, ఫోను డబ్బా వెతికి తీశాను. ఏ ఫోనుతోనైనా చిన్న చిన్న అక్షరాలతో ఒక పుస్తకం ఇస్తారే, చదవకుండా డబ్బాలోనే ఉంచేస్తామే, అది తీసి కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మావాడు ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు. పక్కన కూర్చుని, "అమ్మా, ఫోన్లో *#07# కొట్టు, నంబరు వస్తుంది" అన్నాడు. కొట్టాను. తెర మీద తలకు ఇంత, ఒంటికి ఇంత అని రెండు అంకెలు వచ్చాయి. నా ఫోనుకు రెండూ 1.6 కంటే తక్కువే ఉన్నాయి.

ఆ అంకె పేరు ఎస్ఏఆర్. స్పెసిఫిక్ అబ్జార్ప్షన్ రేట్ అంటారట. ఫోను మాట్లాడేటప్పుడు రేడియో తరంగాలు పంపుతుంది గదా, వాటిలో మన ఒళ్ళు ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత. కిలో కండకు ఇన్ని వాట్లు అని లెక్క. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఇది 1.6 వాట్లు దాటకూడదని రూలు. ఒక్క గ్రాము కండను తీసుకుని చూసినా ఆ హద్దు దాటకూడదు. అంతకు ముందు 2008 నుంచి ఉన్న హద్దు 2 వాట్లు, అదీ పది గ్రాముల మీద సగటు. పది గ్రాముల మీద సగటు తీస్తే ఒక మూల వేడి ఎక్కువున్నా లెక్కలో కలిసిపోతుంది. పప్పు గిన్నె మొత్తం మీద ఉప్పు సరిపోయింది అనడానికి, ఏ గరిటెతో తీసినా సరిపోవాలి అనడానికి ఉన్న తేడా అది. పాత మోడళ్ళు అమ్ముకోవడానికి 2013 ఆగస్టు ఆఖరు దాకా గడువిచ్చి, ఆ తర్వాత కొత్త హద్దుకు లోబడినవే అమ్మాలన్నారు. అమెరికాలోనూ ఇదే 1.6. యూరప్ దేశాల్లో ఇప్పటికీ ఆ 2 వాట్ల లెక్కే.

దీన్ని కొలిచే పద్ధతి చదివితే నాకు నవ్వొచ్చింది. మనిషి తలకాయ ఆకారంలో ఒక బొమ్మ చేసి, మన ఒంటి కండలా తరంగాలను పీల్చుకునే ద్రవం అందులో పోస్తారు. బొమ్మ చెవి దగ్గర ఫోను పెట్టి, లోపల కొలిచే కడ్డీని తిప్పుతూ చూస్తారు. ఆ తలకాయ ఎవరి కొలతలతో చేశారనుకున్నారు? అమెరికా సైన్యంలోని పెద్ద తలకాయ మగవాళ్ళ కొలతలతో. ప్రపంచంలో ఏ కొలత తీసుకున్నా ముందు మగవాడి కొలతే ఉంటుందని మా పిన్ని అంటూ ఉండేది, నిజమే కాబోలు.

నవ్వు ఆగిపోయింది ఆ తర్వాత పేజీలో. ఒంటికి దగ్గరగా పెట్టుకునే కొలత తీసేటప్పుడు ఫోనును ఒంటికి ఆనించి కొలవలేదట. కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉంచి కొలిచారట. ఆ ఎడం ఉంటేనే ఆ అంకె అని చిన్న అక్షరాలతో రాశారు.

ఇప్పుడు చెప్పండి, మీలో ఎంతమంది ఫోనును జాకెట్లో దోపుకుంటారు? నేనైతే ఇరవై ఏళ్ళుగా అదే. మన బట్టలకు జేబులుండవు. బజారుకెళ్తే ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో పిల్లాడు, ఫోను జాకెట్లోకే పోతుంది. మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు బొడ్లో దోపుకుంటారు, లేదంటే రొమ్ముల మధ్య. చెమటతో తడిసిన ఒంటికి నేరుగా అంటుకుని ఉంటుంది. టెలికాం శాఖ జనానికి ఇచ్చిన సూచనల్లో ఉంది, ఫోను ఆన్‌లో ఉన్నప్పుడు రొమ్ము జేబులో, ప్యాంటు జేబులో పెట్టుకోవద్దని. రాసినవాళ్ళకు జాకెట్టు గుర్తు రాలేదు. జేబు అన్నారు.

మిగిలిన సూచనలు కూడా చెప్తాను, మన పనికొచ్చేవే. ఫోను కలిసిన తర్వాతే చెవి దగ్గర పెట్టుకోండి, కలిసే లోపే అది ఎక్కువ శక్తితో అరుస్తుంది. మాటలు పొడుగైతే ఇయర్‌ఫోనో స్పీకరో వాడండి. తలంటు పోసుకుని తడి జుట్టుతో చెవికి ఆనించుకోవద్దు. పిల్లల వాడకం తగ్గించండి. ఇక సిగ్నలు బలహీనంగా ఉన్న చోట మాట్లాడటం తగ్గించండి.

ఈ చివరిది చదివి నేను పుస్తకం మూసేశాను.

సిగ్నలు తక్కువున్న చోట ఫోను ఊరుకోదు. టవరుకు వినబడాలని గొంతు పెంచుతుంది. మా కారెంపూడి వైపు పుట్టింట్లో నాన్న ఫోన్లో ఎట్టా అరిచేవాడో, అట్టా. టవరు దగ్గరుంటే ఫోను గుసగుసలాడినా సరిపోతుంది. దూరమైతే తన సత్తువంతా వాడుతుంది, అదీ మన చెవి పక్కనే. అంటే నేను ఎదురింటి మేడ మీద వద్దన్నదాని వల్ల మా వీధిలో ఫోన్లన్నీ గొంతు పెంచాయన్న మాట.

2020లో స్కూళ్ళు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు మా వీధి పిల్లలు సిగ్నలు కోసం మేడలెక్కేవాళ్ళు. మావాడు వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని రోజుకు నాలుగు గంటలు. ఫోను పట్టుకుంటే పెనంలా కాలేది. ఎండకు కాలుతోందనుకున్నాను. ఎండా ఉంది, తెర వెలుగూ ఉంది, సిగ్నలు కోసం అది పడే ఆరాటమూ ఉంది.

మరి టవరు సంగతేమిటి? అది పెద్దది గదా అనే ప్రశ్న నాకూ వచ్చింది. ఒకటి ఆలోచించండి. పెళ్ళిలో గాడిపొయ్యి ఎంత మంటైనా, వీధి చివర నిలబడితే మనకు సెగ తగలదు. అదే అగరొత్తి ఎంత చిన్నదైనా చేతికి ఆనితే బొబ్బ లేస్తుంది. తరంగాల బలం కూడా దూరం పెరిగే కొద్దీ అట్టాగే గబగబా పడిపోతుంది. పైగా మేడ మీది యాంటెనాలు తరంగాలను పక్కలకు దూరంగా విసురుతాయి. సరిగ్గా కింద ఉన్న ఇంట్లో తక్కువే ఉంటుంది. దీపం కింద చీకటి అన్నట్టు.

అలా అని టవర్లకు పగ్గాలు లేకుండా వదిలేశారా అంటే, లేదు. 2010లో కేంద్రం పలు మంత్రిత్వ శాఖల వాళ్ళతో ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ చెప్పిన మీదట, అదే 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల హద్దును అంతర్జాతీయంగా ఉన్న దానిలో పదో వంతుకు తగ్గించారు. 900 మెగాహెర్ట్‌జ్ తరంగాలకు చదరపు మీటరుకు 4.5 వాట్లు ఉన్నది 0.45 అయింది. టవరు మొదలుపెట్టే ముందు కంపెనీ హద్దులో ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. టెలికాం శాఖ మనుషులు కొన్నిటిని ఎంచి కొలుస్తారు. దాటితే ఒక్కో టవరుకు పది లక్షల దాకా జరిమానా. 2017 మే నెలలో తరంగ్ సంచార్ అని ఒక పోర్టలు కూడా పెట్టారు. అందులో మన ఇంటి చుట్టూ ఏ టవర్లున్నాయో, హద్దులో ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. అనుమానం ఉంటే నాలుగు వేలు కట్టి మన ఇంట్లోనే కొలిపించుకోవచ్చు.

2017 మే! మేము సంతకాలు పెట్టించిన ఎండాకాలమే. నాలుగు వేలంటే నలభై ఒక్క ఇళ్ళకు తలా వంద కూడా కాదు. టవరు పెట్టనిచ్చి, కొలిపించి, హద్దు దాటితే తీయించమని అడిగి ఉండొచ్చు. మాకు ఆ దారి ఉందని తెలియదు. నిజం చెప్పొద్దూ, తెలుసుకోవాలనీ అనుకోలేదు. భయం ముందొచ్చింది, అర్జీ తర్వాతొచ్చింది, కొలత ఊసే రాలేదు.

భయపడటమే తప్పని నేననను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం ఈ రేడియో తరంగాలను "కేన్సర్ కారకం కావచ్చు" అనే జాబితాలో పెట్టింది. వినగానే గుండె గుభేలుమంటుంది. అదే జాబితాలో ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. మన ఆవకాయ కాదులెండి, చైనా, కొరియా వైపు ఊరబెట్టేవి. తేల్చి చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవు, కొట్టిపారేయనూలేము అనేవన్నీ ఆ జాబితాలో ఉంటాయి. ఆ తర్వాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయించిన పెద్ద సమీక్ష వచ్చింది. అరవై మూడు అధ్యయనాలు ముందేసుకుని చూసి, ఫోను వాడకానికీ మెదడు కేన్సరుకూ సంబంధం కనబడలేదని చెప్పింది. ఈ తరంగాలు ఎక్స్‌రే లాంటివి కావు, కణాల లోపలి జన్యువులను తెంపేంత బలం వాటికి లేదు. ఖాయంగా తెలిసిన పని వేడి పుట్టించడం. ఆ వేడి హద్దు దాటకుండా చూడటానికే ఈ అంకెలు. ఇక అత్తయ్య పేస్‌మేకర్ సంగతి వేరు, దానికి వేడితో పని లేదు. ఫోన్లోని అయస్కాంతాలు, తరంగాలు ఆ చిన్న మిషనును తికమక పెట్టొచ్చు, అందుకే దూరం.

రూలు కాగితం మీద ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ దుకాణాల్లోంచి ఫోన్లు తెచ్చి కొలిస్తే, ఐఫోన్ 12 చేతిలోనో జేబులోనో ఉన్నప్పుడు 5.74 వాట్లు చూపించింది. అక్కడ దానికి హద్దు 4. అమ్మకాలు ఆపమన్నారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చాకే అమ్ముకోనిచ్చారు. అంత పేరున్న ఫోనైనా మళ్ళీ కొలిచేవాళ్ళుంటేనే రూలుకు ప్రాణం.

ఇంకో మాట, ఇది నా సొంత తెలివితక్కువతనం. రేడియేషన్ ఆపుతుందని చెప్తే ఒక స్టిక్కరు రెండు వందలు పెట్టి కొని ఫోను వెనక అంటించాను. అలాంటివి నిజంగా తరంగాలను అడ్డుకుంటే ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది, అడ్డుకోకపోతే ఉట్టి అలంకారం. రెండు విధాలా నష్టమే. గీకి పారేశాను.

ఇవన్నీ తెలుసుకున్నాక వారం పాటు ఎదురింటి గేటు వైపు చూస్తూ గడిపాను. ఆఖరికి ఒక మధ్యాహ్నం, జాకెట్టు గుడ్డ ఒకటి పట్టుకుని వెళ్ళాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం. వదిన మిషను మీద నుంచి తలెత్తి చూసింది, కూర్చోమని కుర్చీ చూపించింది.

"వదినా, అప్పుడు అర్జీ రాసింది నేనే" అన్నాను.

"తెలుసు. నీ చేతిరాత నాకు తెలీదా" అంది.

నేను చదివిందంతా చెప్పాను. అంకెలు, రూలు, నాలుగు వేలు, తరంగ్ సంచార్. ఆవిడ దారం కొరుకుతూ వింది. అంతా అయ్యాక, "నాకూ భయమేసింది వదినా అప్పుడు. నా పిల్లలు పడుకునేది ఆ టవరు కిందే గదా. మీరందరూ నా దగ్గరికొస్తే కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. కొలిపిద్దామనుకునేవాళ్ళమో, వద్దనుకునేవాళ్ళమో. నలభై గుమ్మాలు తొక్కినదానివి, నా ఒక్క గుమ్మం ఎందుకు తొక్కలేదు? దానికి ఏ రూలు అడ్డమొచ్చింది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పన్నెండు వేలు నేను తిరిగివ్వలేను, ఆ పిల్ల ఇంజనీరింగు నేను తిరిగివ్వలేను. క్షమించమని అడిగాను. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. టేపు మెళ్ళో వేసుకుని, "లే, కొలతలు తీసుకుంటాను. నీ పాత కొలతలు ఇప్పుడు పనికిరావు" అంది.

లేచి నిలబడ్డాను. కొలుస్తూ కొలుస్తూ ఆగి, "ఈ ఫోనేంటి ఇక్కడ?" అంది. అలవాటు చొప్పున జాకెట్లోనే దోపుకుని వెళ్ళాను! ఇద్దరం నవ్వాం. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి నవ్వు.

వారానికి జాకెట్టు పంపించింది. ఇస్త్రీ చేసిన జాకెట్టు మీద అదే గుడ్డతో కుట్టిన చిన్న సంచీ ఒకటి పెట్టింది, నడుముకు కట్టుకునేది, లోపల మందంగా దూది పట్టీ వేసి. కుట్టుకూలి మాత్రం జాకెట్టుకే తీసుకుంది.

అత్తయ్య ఫోను ఇప్పుడు మంచం పక్కన స్టూలు మీద ఉంటుంది, చేతికందేంత దూరంలో, గుండెకు అందనంత దూరంలో. మీరు ఇది చదివాక ఒక్క పని చెయ్యండి. మీ ఫోన్లో *#07# కొట్టి ఆ అంకె చూడండి. ఆ తర్వాత ఫోను ఎక్కడ పెట్టుకుంటున్నారో చూసుకోండి. మీ వీధిలో ఎవరి మేడ మీదన్నా టవరు మాట వస్తే, సంతకం పెట్టే ముందు ఆ ఇంటి గుమ్మం తొక్కండి.